ముదరని సీసం

మా వీధిలో గరాజ్‌లో కారు పెట్టుకోని ఇల్లు ఒక్కటే ఉండేది. అది భీమశంకరంగారిది. అమెరికా ఉత్తరాన ఉన్న మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో జనవరి అంటే ఏమిటో తెలిసినవాళ్లెవరూ అలాంటి పని చెయ్యరు. వాళ్లావిడ వసంత వదిన పొద్దున్నే కోటు మీద కోటు తొడుక్కుని, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కుని హాస్పిటల్‌కి వెళ్లేది. కారు ఉండాల్సిన చోట మాత్రం ఒక కరెంటు కుంపటి, బకెట్ల నిండా పాత సీసం ముక్కలు, ఇనప అచ్చులు దర్జాగా కూర్చునేవి. నేనైతే మొగుణ్నీ ఆ బకెట్లనీ కలిపి బయట పెట్టేదాన్ని. ఆ మాటే వదినతో అంటే నవ్వేసి, "ఆ చెత్తంతా నా కోసమే ఉమా, ఏమని తిట్టను?" అంది.

నిజమే. ఆ సరంజామా అంతా తుపాకీ కోసం, ఆ తుపాకీ వదినది. ఈ సంగతి చెబితే మనవాళ్లెవరూ మొదటిసారి నమ్మరు. అయ్యో, ఆవిడదేమిటి, మీరు తిరగేసి చెబుతున్నారు అంటారు.

వసంతలక్ష్మి వదిన మత్తు డాక్టరు. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో చేరి, ఖాకీ బట్టలు వేసుకుని రైఫిల్ కాల్చడం నేర్చుకుంది. ఏదో క్యాంపులో కప్పు కూడా గెలుచుకుంది. పెళ్లి, అమెరికా, ఉద్యోగం, కూతురు నమ్రత పెంపకం, వీటన్నిటి మధ్యా ఆ కప్పు ఎక్కడ పోయిందో ఆవిడకే తెలియదు. 2002లో హాస్పిటల్లో ఒక నర్సు, తన భర్త వెళ్లే గన్ క్లబ్ చూద్దువుగాని రమ్మంది. హోవెల్ దాటాక మట్టి రోడ్డు చివర, మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది ఆ క్లబ్. వదిన సల్వార్ కమీజ్‌తో వెళ్లి, అక్కడి ముసలి సైనికులందరూ చూస్తుండగా గురి పెట్టి కొట్టి వచ్చింది. ఆ తర్వాత ఎవరు ఆపినా ఆగలేదు. అనుమతులన్నీ తీసుకుని రెండో ప్రపంచ యుద్ధం నాటి గరాండ్ రైఫిల్ ఒకటి కొనుక్కుంది. క్లబ్‌లో అందరూ ఆవిణ్ని డాక్టర్ వీ అనేవాళ్లు.

ఆ రైఫిల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఎనిమిది తూటాలు బిగించిన చిన్న ఇనప క్లిప్‌ని పైనుంచి లోపలికి నొక్కుతారు. ఒక తూటా పేలితే, ఆ పేలుడు నుంచి పుట్టిన గాలి బలంతోనే తుపాకీ తనంతట తను రెండోదాన్ని అందుకుంటుంది. మనం మీట నొక్కుతూ పోవడమే. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్ టింగుమని పైకి ఎగిరిపడుతుంది. ఆ టింగు అంటే వదినకి ప్రాణం. "వారమంతా జనాన్ని నిద్రపుచ్చుతూ ఉంటానా, అది వింటే నాకు మెలకువ వచ్చినట్టు ఉంటుంది" అనేది.

భీమశంకరంగారు ఆ రైఫిల్‌ని ఒక్కసారి కూడా కాల్చలేదు. ఆయనకి చప్పుడు పడదు. చెవులకి మఫ్స్ తగిలించుకుని వెనక బల్ల మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. భార్య కాల్చడం అయ్యాక లేచి, కింద పడ్డ ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలన్నీ వంగి వంగి ఏరి సంచీలో వేసుకునేవారు. కార్ల కంపెనీ ఫౌండ్రీలో లోహాల ఇంజనీరు మరి, ఇత్తడి నేల మీద పడి ఉంటే చూడలేరు. ఇంటికి తెచ్చి వాటిని తోమి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ పెట్టి, తుపాకీమందు తూచి పోసి, మూతికి గుండు బిగించి మళ్లీ తూటాలు చేసేవారు. తుపాకీ వదినది, తూటాలు ఆయనవి. అన్యోన్య దాంపత్యం అంటే మనం ఊహించుకునేది ఇది కాదు గానీ, నేను చూసినవాటిల్లో అంతకన్నా మంచిది లేదు.

ఆయన నిదానం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట "ఆగు". టీ పెడితే డికాక్షన్ దిగాలి, ఆగు. కారు ఎక్కితే ఇంజను వేడెక్కాలి, ఆగు. ఆవకాయ కలిపిన రోజున నేనొకసారి వేలు పెట్టి నాకబోతే, జాడీ మీద చెయ్యి అడ్డం పెట్టి, "మూడో రోజు తిరగ కలిపాక. ఆగమ్మా" అన్నారు. నేనేమో పచ్చి ఆవకాయ తినే మనిషిని. ఆయన పక్కన వదిన పాతికేళ్లకు పైగా ఎలా నెగ్గుకొచ్చిందో దేవుడికే తెలియాలి.

2009లో వదినకి కుడి రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేశారు, కీమో, రేడియేషన్ ఇచ్చారు. భీమశంకరం అన్నయ్యగారు అప్పటికే ముందుగా రిటైరై ఇంట్లో ఉన్నారు కాబట్టి దగ్గరుండి అన్నీ చూసుకున్నారు. ఆయనకి వీలుకాని రోజు నేను డ్రైవ్ చేసేదాన్ని. మరుసటి వేసవికి వదిన లేచి తిరిగింది, జుట్టు వచ్చింది, ముగ్గురం క్లబ్‌కి వెళ్లాం. తుపాకీ మడమ ఆనేది సరిగ్గా ఆ కుడి భుజానికే. ఒక్క తూటా కాల్చింది. తుపాకీ బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, వెళ్లి కారులో కూర్చుంది. నేను వెళ్లి చూస్తే చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నొప్పికి ఏడిచే మనిషి కాదు ఆవిడ.

ఆ మర్నాడే అన్నయ్యగారు టైరు షాపులన్నీ తిరిగారు. చక్రం సమంగా తిరగడానికి అంచుకి కొట్టే సీసం ముక్కలు ఉంటాయి, పాతవి వాళ్లు బకెట్లలో పారేస్తారు. అవన్నీ అడిగి తెచ్చుకున్నారు. కొనే గుండుకి రాగి తొడుగు ఉంటుంది, దాన్ని జోరుగా పంపాలి. సొంతంగా పోతపోసిన సీసం గుండునైతే నెమ్మదిగా పంపొచ్చు, మందు తక్కువ పడుతుంది, భుజానికి తగిలే దెబ్బా తగ్గుతుంది. వసంత మళ్లీ కాల్చాలంటే ఇదే దారి అని ఆయన లెక్క.

అలా మొదలైంది గరాజ్‌లో సీసం వంట. కరిగిన సీసంలో మైనం ముక్క వేసి కలిపేవారు. మురికంతా పైకి తేలేది, గరిటెతో తీసేసేవారు. అడుగున మిగిలిన మెరిసే సీసాన్ని అచ్చులో పోసి, చల్లారాక తట్టి గుడ్డ మీద పడేసేవారు. వంకర ఉన్నదీ, ముడత పడ్డదీ తిరిగి కుంపట్లోకే. వదిన ఊరుకుందా? డాక్టరు కదా, దానికో చట్టం చేసింది. గరాజ్ తలుపు ఎంత చలైనా తెరిచే ఉండాలి. ఆ బట్టలతో ఇంట్లోకి రాకూడదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఏడాదికి రెండుసార్లు రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించుకోవాలి.

"నేను పోయేదాన్ని ఎలాగూ పోతాను. మీరు ఈ సీసం మింగి నాకన్నా ముందెళ్తే నన్ను చూసేదెవరండీ?" అనేది.

"ఆగు, చేతులు కడుక్కుంటున్నాగా" అనేవారాయన.

మొదటి వాయి తూటాలు దెబ్బ లేకుండానే పేలాయి. కానీ మందు మరీ తక్కువైంది. తుపాకీకి రెండో తూటా అందుకునే బలం చాల్లేదు. ప్రతిసారీ అన్నయ్యగారు పక్కన వంగి, చేత్తో ఆ ఇనప పిడి వెనక్కి లాగి పెట్టాల్సి వచ్చింది. నాలుగోసారికి వదిన విసుక్కుంది. "ఇది నా రైఫిలా, మీ బావి గిలకా? వదిలెయ్యండి" అని లేచిపోయింది.

2011 మొదట్లో జబ్బు ఎముకల్లోకి వచ్చిందని చెప్పారు. ఏమవుతుందో వదినకి మాకన్నా ముందే తెలుసు. స్కాన్ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని, కారులో నాతో మామూలు గొంతుతోనే అంది. "ఉమా, నాకు పెద్ద కోరికలేం లేవు. కాశీ వద్దు, క్రూజ్ వద్దు. ఒక్క క్లిప్ కాల్చాలి. ఎనిమిదీ, నా భుజం మీంచి, ఎవరూ చెయ్యి వెయ్యకుండా. ఆ టింగ్ ఒక్కసారి వినాలి. మా డాక్టర్ని అడిగితే వద్దంటాడు, అందుకని అడగను." ఇంటికి రాగానే అన్నయ్యగారితోనూ అదే చెప్పింది. ఆయన విని, తలూపి, గరాజ్‌లోకి వెళ్లిపోయారు.

రెండో వాయికి మందు కాస్త పెంచారు. తుపాకీ చక్కగా తూటాలు అందుకుంది గానీ, ఈసారి సీసం ఆ జోరుకి ఆగలేదు. మెత్తటి సీసం లోపల అరిగి, తుపాకీ గొట్టం గోడలకి వెండి చారల్లా అంటుకుపోయింది. గుండ్లు నిటారుగా పోకుండా పల్టీలు కొట్టాయి. గురికి పెట్టిన కాగితం మీద గుండ్రటి చిల్లులు పడాల్సింది పోయి, అడ్డంగా చీలికలు పడ్డాయి. అయిదింటితో వదిన ఆపేసింది. ఆ గొట్టం శుభ్రం చెయ్యడానికి అన్నయ్యగారికి వారం పట్టింది.

"సీసం గట్టిపడాలి" అన్నారు. ఎక్కణ్నుంచో మూతబడ్డ ప్రెస్సులోంచి పాత అచ్చక్షరాలు తెచ్చి కలిపారు. తగరం కలిపారు. సెప్టెంబరులో మూడో వాయి పోశారు. గుండు అడుగున రాగి టోపీలు బిగించారు. నాకు చూపించారు కూడా, ముత్యాల్లా ఉన్నాయి. అయితే వెంటనే వాడకూడదట. పోసిన రోజున ఈ సీసం మెత్తగా ఉంటుందట. రోజులు గడిచేకొద్దీ దానంతటదే ముదురుతుందట. ముదిరిందో లేదో చూడటానికి బొమ్మలు గీసేవాళ్ల పెన్సిళ్ల పెట్టె కొన్నారు. మెత్తటి పెన్సిల్ నుంచి గట్టిదాని దాకా వరసగా గుండు మీద గీసి చూస్తారు. ఏ పెన్సిల్ సీసాన్ని గీరలేక జారిపోతుందో దాన్ని బట్టి గట్టితనం తెలుస్తుంది. ఆయన అనుకున్న పెన్సిల్ ఇంకా కొంచెం గీరుతూనే ఉంది. అయినా తూటాలు కట్టి, క్లిప్‌లో బిగించి సిద్ధంగా ఉంచారు. ముదరడం ఒక్కటే తరువాయి.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న వదిన నాకు ఫోన్ చేసింది. "ఉమా, ఇవాళ ఒంట్లో చాలా బాగుంది. నొప్పి లేదు. రా, క్లబ్‌కి వెళ్దాం." గొంతు విని నేను చేస్తున్న పెసరట్టు పెనం మీదే వదిలేసి పరుగెత్తాను. వీధంతా మేపుల్ చెట్లు ఎర్రగా ఉన్నాయి. వదిన షూటింగ్ జాకెట్ వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఒళ్లు చిక్కిపోయి జాకెట్ వేలాడుతోంది గానీ మొహం మాత్రం పెళ్లికూతురి మొహమే.

అన్నయ్యగారు గరాజ్‌లోంచి పెన్సిల్ చేత్తో పట్టుకుని వచ్చారు. "ఇంకొక్క వారం ఆగు వసంతా. ఇంకా ముదరలేదు. ఇప్పుడు కాలిస్తే మళ్లీ గొట్టానికి అంటుకుంటుంది, మళ్లీ నీకు సగంలో ఆగిపోతుంది. ఈసారి ఆగిపోకూడదు. వచ్చే ఆదివారం."

"ఇవాళ బాగుందండీ నాకు."

"వచ్చే వారం కూడా బాగుంటుంది. ఆగు."

నాకు నోటి దాకా వచ్చింది. ముదిరితే ముదిరింది, లేకపోతే లేదు, పదండి అని అరుద్దామనుకున్నాను. వదిన నా చెయ్యి నొక్కింది. ఆయన మొహం వంక చూసింది. అక్కడ నిర్లక్ష్యం ఉంటే దెబ్బలాడేది. అక్కడ ఉన్నది భయం. ఆవిడకి ఇంకోసారి నిరాశ కలగకూడదని ఆయన భయం.

"సరే, తయారయ్యాను కదా, ఎక్కడికైనా తిప్పండి" అంది.

సైడర్ మిల్లుకి వెళ్లాం. ఆపిల్ రసం, వేడి డోనట్లు కొనుక్కుని గడ్డి మోపుల మీద కూర్చున్నాం. వదిన షూటింగ్ జాకెట్ విప్పలేదు. సగం డోనట్ తిని, మిగతా సగం ఆయనకిచ్చింది. చేతికంటిన పంచదార దులుపుకుంటూ, "వచ్చే ఆదివారం మీరు మాటిచ్చారు, ఉమ సాక్షి" అంది. ఆయన నవ్వారు.

గురువారం పొద్దున్న మంచం దిగుతుంటే తొడ ఎముక విరిగింది. పడలేదు, జారలేదు, ఊరికే నిలబడబోతే విరిగింది. జబ్బు దాన్ని లోపల్లోపలే తినేసింది. అంబులెన్స్ వచ్చింది. వదిన ఆ తర్వాత మళ్లీ నిలబడలేదు.

హాస్పిటల్లో ఆదివారం నాడు నేను ఉన్నాను. అన్నయ్యగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. వదిన మందుల మగతలో కళ్లు తెరిచి, "సీసం ముదిరిందా?" అంది.

ఆయన ఆవిడ దుప్పటి సర్దారు. "ముదిరింది" అన్నారు.

"అలా మొహం పెట్టకండి. ఆ రోజు వెళ్లినా అది పాడయ్యేదేగా. మళ్లీ గొట్టానికంతా అంటుకునేది, నేను మళ్లీ మిమ్మల్ని తిట్టేదాన్ని. మీరు ఆపడమే మంచిదైంది."

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ రాకముందే వదిన పోయింది.

నమ్రత కాలిఫోర్నియా నుంచి వచ్చి పన్నెండో రోజు దాకా ఉంది. "నాన్నా, నాతో వచ్చెయ్యి. హౌస్ సెల్ చేసేద్దాం. ఇక్కడ ఒక్కడివే ఏం చేస్తావ్?" అంది. ఆయన వస్తానన్నారు, ఒక పని ఉంది, అది చూసుకుని వస్తానన్నారు. ఏం పనో చెప్పలేదు. ఆ చలికాలం గరాజ్ తలుపు తెరుచుకోలేదు. వదిన కారు గరాజ్ బయటే మంచు కింద ఉండిపోయింది, దాన్ని గీకేవాళ్లు లేరు.

ఏప్రిల్‌లో ఒకరోజు చూస్తే తలుపు తెరిచి ఉంది. కుంపటి వెలుగుతోంది. ఒళ్లు మండి రోడ్డు దాటి వెళ్లాను. ఇంకెవరి కోసం అన్నయ్యగారూ, అని అడగబోయి ఆయన్ని చూసి ఆగిపోయాను. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నారు. గరాజ్ బట్టలు విడిగా కొక్కేనికి ఉన్నాయి. వదిన చట్టం అక్షరం పొల్లుపోకుండా నడుస్తోంది.

"అప్పటి తూటాలు ఈపాటికి పూర్తిగా ముదిరిపోయాయమ్మా. అదే సీసం కొంత మిగిలింది. అదే అచ్చు, అదే మందు. ఆ వాయి పోసిన రోజుకీ, మీ వదిన వెళ్దామన్న రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో అన్ని రోజులే ఆగి వీటిని కాలుస్తాను" అన్నారు. నేను అర్థం కానట్టు చూస్తే, మెల్లగా అన్నారు. "ఆ రోజు వెళ్లినా పాడయ్యేదేనంది కదా. అది నిజమో కాదో చూడాలి."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ తూటాలు చెడిపోవాలని ఆయన కోరుకుంటున్నారు. గొట్టానికి సీసం అంటుకోవాలి, గుండ్లు అడ్డంగా పోవాలి, క్లిప్ సగంలో ఆగిపోవాలి. అలా జరిగితే ఆయన ఆ రోజు ఆపింది సరైన పనే అవుతుంది. ఇంటికి వచ్చి దేవుడి ముందు నిలబడి నేనూ అదే కోరుకున్నాను. ఒక మంచి మనిషి కష్టపడి చేసిన పని తప్పిపోవాలని మొక్కడం నా జన్మలో అదొక్కసారే.

మే నెలలో వెళ్లాం, ఇద్దరమే. క్లబ్‌లో ముసలివాళ్లు టోపీలు తీసి ఆయనకి చెయ్యి కలిపి, పక్కకి తప్పుకున్నారు. ఆయన వదిన జాకెట్ తెచ్చుకున్నారు. అది ఆయనకి పట్టదు, అందుకని మడిచి కుడి భుజం మీద మెత్తలా వేసుకుందామనుకున్నారు. మళ్లీ ఏమనుకున్నారో దాన్ని నా చేతికిచ్చారు. "వద్దు. దెబ్బ ఎంతుందో తెలియాలి" అన్నారు. బల్ల ముందు కూర్చుని, ఇసక సంచీ మీద తుపాకీ ఆనించి, ఇన్నేళ్లూ వెనక బల్ల మీంచి చూసినట్టే క్లిప్ లోపలికి నొక్కారు.

మొదటిది పేలింది. ఆయన తుపాకీ దించి, భుజం తడుముకుని నా వైపు చూశారు. "ఇంతేనా?" అన్నారు. "ఇంత చిన్న దెబ్బా? ఇది తను తట్టుకునేదమ్మా."

రెండోది, మూడోది, నాలుగోది. ఎక్కడా ఆగలేదు. ప్రతి తూటానీ తుపాకీ తనే అందుకుంది. ఆగవే, ఆగవే అని నేను లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. ఆరోది, ఏడోది. ఎనిమిదోది పేలగానే క్లిప్ టింగుమని ఎగిరి సిమెంటు మీద పడింది. చెవులకి మఫ్స్ ఉన్నా నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన తుపాకీ మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయారు.

కాల్పులు ఆపేశాక నేను వెళ్లి కాగితం తెచ్చాను. ఆయనకి గురి లేదు, చిల్లులు తలో మూలా పడ్డాయి. కానీ ఎనిమిదీ గుండ్రంగా ఉన్నాయి. ఒక్కటి కూడా అడ్డంగా లేదు. ఆయన వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమి చూశారు.

అప్పటికింకా గొట్టం ఒక్కటే మిగిలింది. సన్నటి కడ్డీకి తెల్లగుడ్డ ముక్క తగిలించి లోపల తోశారు. గొట్టం పైకెత్తి వెలుగుకి పట్టుకున్నారు గానీ, కళ్లజోడు నిండా నీళ్లే. నా చేతికిచ్చి, "నాకు కనబడటం లేదు. లోపల సీసం అంటుకుందా, చూడమ్మా" అన్నారు.

చూశాను. గొట్టం అద్దంలా మెరుస్తోంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క వెండి చార లేదు.

"ఉందండీ అన్నయ్యగారూ, బోలెడంత అంటుకుంది" అన్నాను. "ఆ రోజు వెళ్లినా పాడయ్యేదే."

ఆయన బల్ల మీదున్న తెల్లగుడ్డ ముక్క తీసి చూసుకున్నారు. దాని మీద మందు మసి తప్ప ఇంకేమీ లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నా చేతిలోంచి వదిన జాకెట్ తీసుకున్నారు.

"మీ వదిన కూడా ఇదే చెప్పిందమ్మా" అన్నారు. తర్వాత వంగి, నేల మీద పడ్డ ఇత్తడి గొట్టాలు ఏరడం మొదలుపెట్టారు.